పొలం దారుల్లో గ్రావెల్ బైక్: పద్నాలుగు నెలలు తొక్కాక నా మాట

గ్రావెల్ బైక్ అంటే మట్టి, కంకర దారుల్లోనూ తొక్కేలా వంపు హ్యాండిల్, కాస్త వెడల్పు టైర్లతో చేసిన సైకిల్. కొండలు లేని చోట అది ఎందుకని కొనే ముందు నాలో నేనే చాలాసార్లు అనుకున్నాను, కొన్నాక మిగతావాళ్ళూ అడిగారు. పద్నాలుగు నెలల్లో సుమారు 4,600 కిలోమీటర్లు తొక్కాను. దాదాపు అంతా వరి పొలాల మధ్యే, కాలవ గట్ల మీద, పుంతల్లో, ట్రాక్టర్లు తిరిగే మట్టి దారుల్లో. చదును నేలకి ఈ సైకిల్ చాలా బాగా పనికొస్తుందని ఇప్పుడు గట్టిగా చెప్పగలను, కాకపోతే కొనేటప్పుడు అందరూ చూసే అంకెలు ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. ఎన్ని గేర్లున్నాయి, బరువెంత, ఎంత ఎత్తు ఎక్కుతుంది అన్నవి కాసేపు పక్కన పెట్టండి. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఎంత ఖాళీ ఉంది, ఎదురుగాలిలో రెండు గంటలు వంగి కూర్చోగలరా, ఈ రెండూ ముందు చూసుకోండి. నాకు ఈ సంగతి అర్థమయ్యేసరికి ఫ్రేము లోపలి వైపు పెయింటు లేచిపోయింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు చదును నేల గురించి చెప్పాలి. చూడ్డానికి తేలిక, తొక్కితే తెలుస్తుంది. కొండ దారిలో ఎక్కడానికి ఎంత కష్టపడతామో దిగేటప్పుడు అంత ఊరట దొరుకుతుంది, పెడల్ ఆపి, సీటు మీంచి లేచి, చేతులు విదిలించుకుని, ఓ గుక్క నీళ్ళు తాగుతాం. పొలాల మధ్య ఆ దిగుడు ఎప్పటికీ రాదు. పెడల్ ఆపితే సైకిల్ కాస్త దూరం జారి ఆగిపోతుంది, మట్టి మెత్తగా ఉంటే ఇంకా తొందరగా ఆగిపోతుంది. నిమిషానికి 85 సార్లు తిప్పుతున్నారనుకుంటే గంటకి 5,100 సార్లు, అదీ ఒకే భంగిమలో, అవే కండరాలతో. అందుకని సీటు ఎత్తు, హ్యాండిల్ ఎత్తు, ఆ రెంటి మధ్య దూరం మీ ఒంటికి సరిపోకపోతే కొండ దారిలో కంటే ఇక్కడే ముందు నొప్పి పుడుతుంది. మొదటి నెల నాకు మెడ వెనక పట్టేసేది. హ్యాండిల్ కింద రింగులు వేయించి ఒక సెంటీమీటరు పైకి లేపాను, సీటు కొంచెం ముందుకి జరిపాను, అంతే, మళ్ళీ రాలేదు. కొత్త సామాన్లు కొనే ముందు ఈ పని చేయించుకోండి.

నా సైకిల్ వివరాలు త్వరగా చెప్పేస్తాను. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్ములు), ముందు పెడల్ దగ్గర 40 పళ్ళ చక్రం ఒక్కటే, వెనక 11 నుంచి 42 పళ్ళ దాకా పదకొండు గేర్లు, షిమానో జీఆర్‌ఎక్స్ గేర్ల, బ్రేకుల సామాను, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 700సీ (రోడ్ బైక్ కొలత) చక్రాలు. బరువు 10.4 కిలోలు. ‘45 మి.మీ. టైరు వరకు పడుతుంది’ అని కంపెనీ వివరాల్లో రాసి ఉంది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఇలాంటి చాలా గ్రావెల్ బైకులకి వర్తిస్తుంది, ఒక్కదాన్ని వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఇక అసలు విషయం, బురద.

వరి నాటే ముందు పొలంలో నీళ్ళు పెట్టి దమ్ము చేస్తారు కదా, ఆ పని ఉద్దేశమే మట్టి గడ్డల్ని పూర్తిగా విరగ్గొట్టి, అడుక్కి నీరు ఇంకకుండా మెత్తటి ముద్ద చేయడం. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కంటే చిన్నది, అలాంటి రేణువులు తడిసి దగ్గరగా చేరితే జిగురులా అంటుకుంటాయి. ఆ మట్టే ట్రాక్టరు చక్రాలతో పాటు దారి మీదికి వస్తుంది. అంటే పొలం పక్క దారిలో మీకు తగిలేది మామూలు వాన బురద కాదు, అంటుకుంటే వదలని బురద. దీన్ని నేను కాగితం మీద చదివి తెలుసుకోలేదు. ముందు రోజు రాత్రి వాన పడింది, పొద్దున్నే ఎండ వచ్చింది, దారి పైకి ఆరినట్టే కనిపించింది, కాలవ గట్టు మీదికి సైకిల్ ఎక్కించాను. అప్పుడు 45 మి.మీ. టైర్లున్నాయి. వెడల్పు టైరైతే బురదలో దిగబడదని నా నమ్మకం. మొదటి మూడు వందల మీటర్లు బాగానే సాగింది. ఆ తర్వాత వెనక నుంచి గరగరమని గరుకు కాగితం రుద్దినట్టు చప్పుడు మొదలైంది. ఇంకో ఇరవై మీటర్లు బలంగా తొక్కాను. వెనక చక్రం ఉన్నపళాన ఆగిపోయింది.

దిగి చూస్తే టైరు కనిపించలేదు. పెడల్ ఇరుసు వెనక, ఫ్రేము రెండు గొట్టాలు దగ్గరికి వచ్చే చోట, మట్టి ముద్ద ఇటుకలా బిగిసిపోయి ఉంది, అందులో గడ్డి పరకలు, చిన్న చిన్న రాళ్ళు. ఫోర్కు పైభాగంలోనూ అంతే. తోస్తే కదలదు, ఎత్తితే బరువు. వేళ్ళతో తీసి పది మీటర్లు నడిపిస్తే మళ్ళీ అంతే మట్టి. పక్క పొలంలో పార పట్టుకుని మడవలు సరిచేస్తున్న పెద్దాయన చూసి, “ఇప్పుడు గీకితే రాదు బాబూ, కాసేపు ఎండలో పెట్టు, పెళ్ళలు పెళ్ళలుగా ఊడొస్తుంది” అన్నారు. ఆయన మాట అప్పుడే వినాల్సింది. నేను వినకుండా సైకిల్ భుజాన వేసుకుని కిలోమీటరున్నర నడిచాను. ఇంటికొచ్చి తూచితే 14 కిలోలు దాటింది. మూడు గంటలు ఎండలో పెట్టాక నిజంగానే చేత్తో తడితే పెంకుల్లా రాలిపోయింది.

కడిగాక కనపడింది నష్టం. గొట్టాల లోపలి వైపు రెండు చోట్లా రూపాయి బిళ్ళంత మేర పెయింటు పోయి తెల్లటి లోహం మెరుస్తోంది. ఆ ఇరవై మీటర్లలో చేసింది ఆ పని. కార్బన్ ఫ్రేమై ఉంటే ఇంకా భయపడాల్సి వచ్చేది, ఎందుకంటే ఇసుక కలిసిన మట్టి కార్బన్ పోగుల్ని కూడా అలాగే అరగదీస్తుంది. ఇప్పుడు ఆ రెండు చోట్లా మందపాటి పారదర్శకమైన స్టిక్కరు అంటించాను. కొన్న రోజే చేయాల్సిన పని ఇది, మీరు మాత్రం మొదటి రోజే చేయండి.

ఆ రోజు స్కేలు తెచ్చి కొలిచాను. 45 మి.మీ. టైరు వేస్తే గొట్టానికీ టైరుకీ మధ్య ఒక్కో వైపు మిగిలేది ఐదు మిల్లీమీటర్లు. అంటే ‘45 వరకు పడుతుంది’ అన్న మాట నిజమే, టైరు పడుతుంది, కానీ బురద పట్టడానికి చోటు మిగలదు. అదే సైకిల్‌కి 38 మి.మీ. వేస్తే రెండు వైపులా ఎనిమిదిన్నర చొప్పున వచ్చింది. ఆ మూడున్నర మిల్లీమీటర్ల తేడాతో అదే గట్టు మీద, దాదాపు అంతే తడిలో, తర్వాత నేను ఆగకుండా వెళ్ళగలిగాను. బురదకి సన్న టైరు అనగానే మొదట ఎవరికైనా తిక్కగా అనిపిస్తుంది. కానీ బురదలోనే పుట్టి పెరిగిన సైక్లోక్రాస్ పోటీల్లో (చలికాలంలో గడ్డి, బురద దారుల్లో జరిగే సైకిల్ పోటీలు) అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధన ప్రకారం టైరు 33 మి.మీ. మించకూడదు, ఆ సన్న టైర్లతోనే వాళ్ళు చలికాలపు బురదంతా ఈదుతారు. సన్న టైరు పై మెత్తటి పొరని కోసుకుని కింది గట్టి నేలని అందుకుంటుంది, పక్కన మట్టి జారిపోవడానికి చోటూ ఉంటుంది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. గ్రావెల్ పోటీల్లో బాగా పేరున్నది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియా ఊళ్ళో 2006లో మొదలైన పోటీ, ఇప్పుడు అన్‌బౌండ్ అంటున్నారు, ప్రధాన రేసు 200 మైళ్ళు, అంటే 320 కిలోమీటర్ల పైమాటే. 2023లో ఆ పోటీ మొదలైన కొద్దిసేపటికే జిగురు బురద ఎదురైంది, ప్రపంచంలోనే గట్టి రైడర్లు సైకిళ్ళు భుజాన వేసుకుని నడిచారు, కొందరి డెరైలర్లు (చైన్ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే భాగాలు) అక్కడే విరిగాయి. అక్కడివాళ్ళు పెయింటు కలిపే చెక్క పుల్ల ఒకటి జేబులో పెట్టుకుంటారు, బురద గీకడానికి. నేనూ ఇప్పుడు ఒక బద్ద ముక్క సీటు కింద సంచిలో ఉంచుతున్నాను. ఇనుప వస్తువు వద్దు, ఫ్రేము గీరుకుపోతుంది.

టైరు మీది గుండీల, అంటే రబ్బరు బొడిపెల గురించి కూడా రెండు మాటలు. పెద్ద గుండీల టైరైతే బురదలో పట్టు ఉంటుందనుకుంటాం, బంకమట్టిలో మాత్రం గుండీల సందులు ఒక్క నిమిషంలో నిండిపోయి టైరు నున్నగా తయారవుతుంది, తర్వాత గుండీలున్నా లేనట్టే. గుండీలు దూరం దూరంగా ఉంటే కాస్త నయం, మట్టి విసిరిపారేస్తుంది. పొడి నేల మీద మధ్యలో నున్నగా, పక్కల చిన్న గుండీలున్న రకం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఎక్కువ దూరం గట్టిపడ్డ మట్టి మీదా అక్కడక్కడ తారు మీదా పోతాం, అక్కడ పెద్ద గుండీలు ఊరికే గుయ్యిమంటూ శక్తి తినేస్తాయి.

ఎండాకాలం కష్టం వేరే. తడిలో ట్రాక్టరు నడిచిన చోట దాని టైరు గుర్తులు బాణాల వరసలా పడతాయి, అవి ఎండితే సిమెంటు మెట్లలా గట్టిపడిపోతాయి. ఒక్కో గాడి మధ్య జానెడు దూరం, లోతు మూడు నాలుగు వేళ్ళు. వాటి మీద రెండు కిలోమీటర్లు తొక్కితే పళ్ళు కదులుతాయి. చేతులైతే చెప్పక్కర్లేదు. ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారిపోయేవి, అరచేతి అంచున వెళ్ళే అల్నార్ నరం నొక్కుకుపోతే సరిగ్గా ఆ రెండు వేళ్ళకే అలా అవుతుంది. నేను చేసినవి రెండే. హ్యాండిల్ మీద రెండు పొరలు టేపు చుట్టించాను, టైర్లలో గాలి తగ్గించాను. నా బరువు 72 కిలోలు, మొదట్లో షాపులో కొట్టించిన గాలి ఒత్తిడి 50 పీఎస్‌ఐ. ఇప్పుడు ఎండాకాలంలో 45 మి.మీ. టైర్లకి ముందు 28, వెనక 31. సైకిల్ మారిపోయిందా అనిపించింది. గాలి తగ్గిస్తే నెమ్మదిస్తుందని భయం ఉంటుంది, గతుకుల్లో మాత్రం అది తప్పు. గట్టి టైరు ప్రతి గతుకుకీ మిమ్మల్నీ సైకిల్‌నీ పైకి ఎగరేస్తుంది, ముందుకి పోవాల్సిన శక్తంతా అక్కడ వృథా అవుతుంది. మెత్తటి టైరు గతుకుని తనలోకి తీసుకుని పోతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకి దెబ్బ, కాబట్టి రెండేసి పీఎస్‌ఐ తగ్గిస్తూ చూసుకోండి. కొందరు సస్పెన్షన్ ఫోర్కు ఉన్నవి చూస్తారు, చదును నేలకి దాని అవసరం నాకు కనిపించలేదు, బరువు పెరగడం, బురద దూరే కీలు ఇంకొకటి చేరడం తప్ప.

గాలి సంగతి. వరి మోకాలెత్తు పైరు, చెట్లు తక్కువ, కనుచూపు మేర అడ్డు లేదు. పొద్దున ఆరింటికి గాలి ఉండదు, తొమ్మిదయ్యేసరికి మొదలవుతుంది, తిరుగు ప్రయాణంలో సరిగ్గా ముఖాన కొడుతుంది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. గంటకి 20 కిలోమీటర్లతో పోతూ ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి తగిలిందంటే కొండ ఎక్కుతున్నట్టే ఉంటుంది, తేడా ఏంటంటే కొండకి ఎక్కడో ఒక చోట శిఖరం ఉంటుంది. తిన్నని హ్యాండిల్ ఉన్న హైబ్రిడ్ సైకిల్ కంటే గ్రావెల్ బైక్ నాకు ఎక్కువ నచ్చింది ఇక్కడే. వంపు హ్యాండిల్ కింది భాగం పట్టుకుని ఛాతీ కిందికి దించితే అదే శ్రమకి గంటకి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ పోతున్నాను. దీని వంపు కిందికి వచ్చేకొద్దీ బయటికి విచ్చుకుని ఉంటుంది, అందువల్ల గతుకుల్లో కూడా కింది పట్టు వదలకుండా సైకిల్ అదుపులో ఉంటుంది, రోడ్ బైక్ మీద నాకా ధైర్యం వచ్చేది కాదు. చేతులు పెట్టుకోవడానికి మూడు నాలుగు చోట్లుండటం కూడా పెద్ద వరం, పది నిమిషాలకోసారి పట్టు మారుస్తుంటే మొద్దుబారడం బాగా తగ్గుతుంది. జీఆర్‌ఎక్స్ బ్రేకు పిడి ఆకారం ఈ విషయంలో నిజంగా ఆలోచించి చేసింది, చెమట పట్టినా జారదు. 2019లో షిమానో గ్రావెల్ కోసమే ప్రత్యేకంగా తెచ్చిన మొదటి సెట్టు ఇది, ఆ పిడి పట్టుకుంటే ఎందుకు వేరుగా చేశారో తెలుస్తుంది.

గేర్ల దగ్గర నాకు అసంతృప్తి ఉంది. వెనక 42 పళ్ళ పెద్ద గేరు పద్నాలుగు నెలల్లో వేసింది రెండు సార్లు, రెండూ కాలవ వంతెన ఎక్కడానికి. నేను రోజూ ఉండేది 15, 17, 19, 21 పళ్ళ మధ్య. ముందు 40 పళ్ళతో, నిమిషానికి 85 తిప్పుళ్ళ దగ్గర 17 పళ్ళ గేరు గంటకి 26 కిలోమీటర్లు దాటిస్తుంది, 15కి మారిస్తే ఏకంగా 30. మధ్యలో ఏమీ లేదు. గాలి కాస్త తగ్గిన ప్రతిసారీ ఒకటి మరీ తేలిక, ఇంకొకటి మరీ బరువు, కాళ్ళకి కావలసింది రెంటికీ మధ్యలో ఉంటుంది. కొండల కోసం చేసిన అమరిక కనుక అలా ఉంది, తయారీ లోపం కాదు. మీరున్న చోట ఎత్తుపల్లాలు లేకపోతే ముందు చక్రం 42 పళ్ళది వేయించుకోండి, వెనక కొంచెం పెద్ద పళ్ళ మీద, చైన్ వంకర లేకుండా తొక్కొచ్చు, ఆ వైపు గేర్ల మధ్య దూకుడు కూడా కొద్దిగా తక్కువ. ముందు రెండు చక్రాలున్నదైతే చదునుకి ఇంకా నయమని కొందరంటారు, నేను మాత్రం ఒక్కటే ఉండాలంటాను. ముందు డెరైలర్ ఉంటే బురద పట్టే చోటు ఇంకొకటి పెరుగుతుంది. వెనక డెరైలర్‌లో క్లచ్ ఉండటం వల్ల గతుకుల్లో చైన్ కొట్టుకోదు, ఇంతవరకు ఒక్కసారి కూడా జారిపోలేదు.

ముళ్ళ కోసమైనా ట్యూబ్‌లెస్ తీసుకోండి, ఇందులో నాకు రెండో మాట లేదు. ట్యూబు బదులు టైరు లోపల, చిన్న రంధ్రాల్ని పూడ్చే సీలెంట్ అనే ద్రవం పోస్తారు. గట్ల మీద పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు ఎప్పుడూ ఉంటాయి. మొదటి రెండు నెలలు ట్యూబులతో తొక్కాను, ఏడు పంక్చర్లు, అందులో మూడు ఒకే రోజు. ట్యూబ్‌లెస్‌కి మార్చాక ఈ పన్నెండు నెలల్లో ఇంటికి నడిచి వచ్చింది లేదు. ఒకసారి ఆగి చూసుకుంటే వెనక టైరుకి పల్లేరు కాయ గుచ్చుకుని ఉంది, దాని నాలుగు ముళ్ళలో రెండు లోపలికి దిగాయి. లాగాను. బుస్సుమని గాలి, దానితో పాటు పాలలాంటి తెల్లటి నురగ. చక్రం తిప్పి ఆ రంధ్రం కిందికి వచ్చేలా పెట్టి పట్టుకున్నాను, లోపలి ద్రవం అక్కడికి చేరాలి కదా, ఇరవై లెక్కపెట్టేలోపు బుడగలు ఆగిపోయాయి. తడి చేత్తో తడిమితే ఆవగింజంత రబ్బరు ముద్ద తగిలింది. అంతే, బయల్దేరాను. అయితే ఆ ద్రవం ఎండకి ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి కొత్తది పోయాలి, మర్చిపోతే ట్యూబ్‌లెస్ ఉన్నా లేనట్టే. పెద్ద చీలికకి అది చాలదు, చీలికలో దూర్చే ప్లగ్గులు, ఒక ట్యూబు వెంట ఉంచుకోవాల్సిందే.

కోతల సమయంలో ఇంకో రకం బాధ, ధూళి, ఊక, గడ్డి. హార్వెస్టర్ నడిచిన చేను పక్క నుంచి వెళ్తే నూనె రాసిన చైన్ మీద పొట్టంతా అంటుకుని ముదురు గోధుమరంగు పేస్టు తయారవుతుంది, అది పళ్ళని అరగదీస్తుంది. మైనం రాయడం మొదలుపెట్టాక చైన్ పొడిగా ఉంటోంది, గుడ్డతో తుడిస్తే సరిపోతోంది. ఊక కంటే నాకు గడ్డి అంటేనే టెన్షన్. దారి మీద పడిన పొడవాటి ఎండుగడ్డి పరక డెరైలర్ కింది చిన్న చక్రంలోకి వెళ్ళి చుట్టుకుంటుంది, మొదట గేరు సరిగా పడదు, ఆ తర్వాత కరకర చప్పుడు. వినగానే ఆగండి. ఒకసారి ఇంకో వంద మీటర్లు వెళ్దాంలే అనుకుంటే గడ్డి తాడులా పేనుకుపోయి డెరైలర్‌ని వెనక్కి లాగేసింది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది. ఆ చిన్న ముక్క ప్రతి ఫ్రేముకీ వేరు వేరుగా ఉంటుంది, అన్ని షాపుల్లో దొరకదు, అందుకని సైకిల్‌తో పాటే ఒకటి అదనంగా కొని పెట్టుకోండి. నేను పదకొండు రోజులు ఎదురుచూశాను.

బ్రేకులకి వంక పెట్టడానికి లేదు. చదును దారిలో బ్రేకు అవసరమే తక్కువ, గట్టు మలుపులో ఎదురుగా పశువో బండో వస్తేనే. బురద పట్టినా డిస్కు పనిచేస్తుంది, ప్యాడ్లు మాత్రం మట్టి తడిలో తొందరగా అరుగుతాయి, లోహం కలిపినవి వేయించాక నయం. కడిగేటప్పుడు ప్రెజర్ పైపుతో ఇరుసుల మీద కొట్టకండి, బేరింగుల్లో గ్రీజు పోయి నీళ్ళు చేరతాయి. మామూలు బకెట్, మగ్గు, పాత బ్రష్షు చాలు. సీసాలు, సంచులు బిగించడానికి ఫ్రేము మీద చోట్లు చాలా ఉన్నాయి, అందులో మూడో సీసా చోటు నాకు రోజూ పనికొస్తోంది, నీడ లేని దారుల్లో రెండు సీసాల నీళ్ళు చాలవు.

సైకిల్ సంగతి కాకపోయినా ఒకటి అడగాలనిపిస్తోంది. పొలాల మధ్య సన్న గట్ల మీద, అంటే మడికీ మడికీ మధ్య ఉండేవాటి మీద, తొక్కకండి. ఫొటోకి బాగుంటాయి. కానీ ఆ గట్టే మడిలో నీటిని ఆపేది, తడిగా ఉన్నప్పుడు టైరు గాడి పడితే అక్కడి నుంచే నీరు కారడం మొదలవుతుంది, గండి పడితే పై మడిలో పెట్టిన నీళ్ళూ ఎరువూ కింద మడికి పోతాయి. బండి తిరిగే దారి ఉంటే దాని మీదే వెళ్ళండి. ట్రాక్టరు వస్తే దిగి పక్కకి జరగండి, అది వాళ్ళ పని జాగా, మనం సరదాకి వచ్చినవాళ్ళం.

ఎవరు కొనాలంటే, మీ దారిలో సగం మట్టి, సగం తారు ఉండి, ఒక్కోసారి ముప్ఫై, యాభై కిలోమీటర్లు వెళ్ళాలనుకుంటే తప్పకుండా కొనండి. పది కిలోమీటర్లలోపే అయితే హైబ్రిడ్ చాలు. ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగానే ఉండే చోటైతే మౌంటెన్ బైకు వైపు చూడొద్దు, ఆ లావు టైర్లు ఇంకా ఎక్కువ మట్టిని మోసుకొస్తాయి. 50 మి.మీ. పట్టే గ్రావెల్ ఫ్రేము తీసుకుని దానికి 40 వేసుకోండి. కొనే ముందు షాపులో మీ చిటికెన వేలు టైరుకీ గొట్టానికీ మధ్య పెట్టి చూడండి. దూరకపోతే వద్దు. వివరాల కాగితంలో ఈ కొలత ఎక్కడా రాయరు, నేనూ అడగలేదు.

నా సైకిల్‌ని అమ్మే ఆలోచన లేదు. ఈ వారమే మా దారి పక్క చేలల్లో నాట్లు మొదలయ్యాయి, నిన్న సాయంత్రం 45లు విప్పి 38లు ఎక్కించాను, కొత్త సీలెంట్ పోశాను, స్టిక్కరు అంచు లేస్తే మళ్ళీ అంటించాను. పొద్దున కాలవ గట్టు మీద ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళి వచ్చాను. చక్రాలకి మట్టి బాగానే పట్టింది, ఎక్కడా ఆగలేదు.